నేరుగా ఎనీల్సాతో మాట్లాడండి

ఎనీల్సా ఓస్పినో నవ్విందంటే రెబోలో పేటలో జనం అనుమానంగా చూసేవాళ్ళు. ఎప్పుడూ ముఖాన ఉండే ఆ పెదవి విరుపు ఆమెకు పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళమ్మ అనేది. కాదు, బ్రిసార్ ఫ్యాన్ల కంపెనీ కిటికీ వెనక ఏళ్ళ తరబడి కూర్చుని సంపాదించిందని చుట్టుపక్కలవాళ్ళు అనేవాళ్ళు. రెండూ నిజమే కావచ్చు.

ఆ కిటికీ ఫ్యాక్టరీ పక్క గోడకు ఉండేది. బరాంకియా నగరం నలుమూలల నుంచీ జనం చెడిపోయిన ఫ్యాన్లను బస్సుల్లో ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చి, ఎండలో వరస కట్టేవాళ్ళు. ఎనీల్సా ముందు ఫ్యాన్‌ను ఎగాదిగా చూసేది, తర్వాత తెచ్చిన మనిషిని ఎగాదిగా చూసేది. "దీన్ని తిప్పారా, తన్నారా?" అని అడిగేది. రెక్కల మీద జిడ్డు చూసి, మీ ఇంట్లో గుడ్డపీలిక కరువా అనేది. ఒక్కోసారి ఏ తప్పూ చెయ్యనివాళ్ళను కూడా ఊరికే దులిపేసేది. కానీ ఎన్ని మాటలన్నా ఆ ఫ్యాన్‌ను అందుకుని వెనకనున్న బల్ల మీదికి తోసేది. అక్కడ దగోబెర్తో అనే లావుపాటి మెకానిక్ కూర్చుని తీరిగ్గా విప్పి, మెడో మీటో మార్చి ఇచ్చేవాడు. తిట్లూ ఫ్యాన్ గాలీ రెండూ ఇంటికి పట్టుకుపోవడం జనానికి అలవాటైపోయింది.

కంపెనీ, అందరూ దొరగారూ అన్నట్టు డాన్ అని పిలిచే అబిమాయెల్‌ది. సొంతంగా పెట్టింది కాదు, మామగారి నుంచి వచ్చింది. ఆయన ఇంట్లో ప్రతి గదికీ ఏసీ ఉంది గానీ ఒక్క బ్రిసార్ ఫ్యాన్ లేదు. ఈ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఆయన మాత్రం ఎవరికీ తెలియదనుకునేవాడు.

ఒక ఏడాది ఆయన రాజధాని బొగోటా నుంచి తదేయో అనే ప్రకటనల మనిషిని రప్పించాడు. తదేయో ఆ ఉక్కలో కూడా కోటు విప్పేవాడు కాదు. వచ్చిన వారంలోనే అందరినీ హాల్లోకి పిలిచి ఉపన్యాసం ఇచ్చాడు. కిటికీ అనేది కొనుగోలుదారుకు అవమానమట. పాపం అతను ఎండలో ఎందుకు నడిచి రావాలి? ఇకమీదట ప్రతి ఒక్కరి ఫోన్‌లో మన ప్రకటన కనబడుతుంది, దాని మీద వేలు పెడితే చాలు, మనతో నేరుగా మాట్లాడొచ్చు, కష్టం చెప్పుకోవచ్చు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే జున్ను వేపుళ్ళు, కాఫీ లోపలికి రావడంతో ఇంకా గట్టిగా కొట్టారు. ఆ చప్పట్లన్నీ తనకేననుకుని తదేయో తల వంచి నమస్కరించాడు.

ఎనీల్సా ఒక్కతే నోరు విప్పింది. "నేరుగా మాట్లాడేది ఎవరు?"

"మీరే సెన్యో. మీ ముఖం మన కంపెనీకి ఆస్తి," అన్నాడతను, అమ్మగారూ అన్నంత మర్యాదగా.

ముఖం అన్నాడే గానీ నోరు అనలేదు. ఆ తేడా ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

ఫోటో తీయడానికి ఆమె నెత్తిన హెడ్‌ఫోన్ పెట్టారు. దాని వైరు దేనికీ తగిలించి లేదు, ఆమె జేబులోకి దోపారు. ఫోటోగ్రాఫర్ ఎంత బతిమాలినా ఆమెకు నవ్వు రాలేదు. ఏదైనా సంతోషకరమైన విషయం తలుచుకోమన్నాడు. వానాకాలంలో వీధి కాలువలు పొంగినప్పుడు తదేయో ఆ కోటుతో సహా నీళ్ళలో కొట్టుకుపోతున్నట్టు ఆమె ఊహించుకుంది. వెంటనే పళ్ళన్నీ కనబడేలా నవ్వొచ్చేసింది. ఆ ఫోటోనే వాడారు.

కిటికీకి ఇటుకలు కట్టేశారు. బల్ల తీసేశారు. దగోబెర్తోకు ఒక కేకు, ఒక ప్రశంసాపత్రం ఇచ్చి ఇంటికి పంపారు. కేకు మీద అతని పేరు కూడా తప్పుగా రాశారు. ఎనీల్సాను గోదాములో అట్టపెట్టెలకు చీటీలు అంటించే పనిలో పడేశారు. ఊళ్ళో ఫోన్లన్నిటిలో మాత్రం ఆమె నవ్వుతూ కూర్చుంది. కింద పెద్ద అక్షరాల్లో, "మీ ఫ్యాన్‌కి ఏమైంది? నేరుగా ఎనీల్సాతో మాట్లాడండి."

ఆ ఎనీల్సా ఏం మాట్లాడుతోందో ఈ ఎనీల్సాకు తెలియదు. పక్క వీధి లేదిస్ వచ్చి చూపిస్తేనే తెలిసింది. లేదిస్ ఆమె చిన్ననాటి స్నేహితురాలు, ఆమె అంటే ఏమాత్రం భయం లేని మనిషి. తన ఫ్యాన్ మెడ ఊడిపోయిందని ప్రకటన నొక్కి రాసిందట. దానికి వచ్చిన జవాబును తలుపులో నిలబడి నాటకంలోలా చదివింది. "నా బంగారు తల్లీ, మీ బాధే నా బాధ. ఈ వేడిలో మీ గురించే ఆలోచిస్తున్నాను. ప్రేమతో, మీ ఎనీల్సా." దాని వెంట వరసగా గుండె బొమ్మలు, వాటి కింద కొత్త మోడల్ ఫ్యాన్ ఫోటో, ధర.

"పక్క వీధిలో కూర్చుని నా గురించే ఆలోచిస్తున్నావటే?" అంది లేదిస్. "వచ్చి ఒక స్క్రూ బిగించి పోకూడదూ, ఇంత ప్రేమ ఉన్నదానివి."

ఎనీల్సా ముఖం జేవురించింది. మర్నాడే తదేయో గదిలోకి వెళ్ళి కూర్చోకుండానే అడిగింది. జవాబులు రాసేది ఒక ప్రోగ్రామ్ అనీ, దానికి ఆప్యాయత నేర్పించామనీ, జనం చాలా స్పందిస్తున్నారనీ అతను గర్వంగా చెప్పాడు. ఎంతమందికి ఫ్యాన్ బాగైందని ఆమె అడిగితే, ఆ లెక్క తాము తీయడం లేదన్నాడు.

"నేను జన్మలో ఎవర్నీ బంగారు తల్లీ అనలేదు బాబూ. మా అమ్మనే అనలేదు."

"అందుకే కదా సెన్యో, ఆ పని ప్రోగ్రామ్‌కి అప్పజెప్పాం," అన్నాడు తదేయో.

ఫోటో తీసేయమంది. దాన్ని వాడుకోవచ్చని ఆమె సంతకం పెట్టిన కాగితం చూపించాడు. ఆ రోజు జున్ను వేపుళ్ళు తింటూ జిడ్డు చేత్తో పెట్టిన సంతకమది.

ఇక ఊరు ఆమెను వదల్లేదు. బస్సులో కండక్టర్ చిల్లర ఇస్తూ, "ప్రేమతో, మీ ఎనీల్సా" అనేవాడు. బజారులో చేపలమ్మే ఆవిడ, గుండె బొమ్మలు పంపావు గానీ గాలి పంపలేదేం అని నిలదీసింది. కార్నివాల్ రానే వచ్చింది. ఊళ్ళో ఏడాది పొడుగునా జరిగిన వెధవపనులన్నిటినీ పాటకట్టి దులిపే బృందాలు వీధుల్లోకి దిగాయి. ఒక బృందం మొత్తం ఎనీల్సా వేషం వేసింది. మీసాల మగాళ్ళు ఆమెలా ముడి చుట్టుకుని, ముఖానికి ఫ్యాన్ జాలీ తగిలించుకుని, చెవికి వైరు వేలాడేసుకుని వచ్చారు. నాయకుడు అందుకున్నాడు.

"మెడ విరిగిన ఫ్యానుతోటి మొరపెడితే తల్లికి,
ముద్దులెన్నొ పంపెనమ్మ మూడు పూటలా!"

మిగతావాళ్ళు దీర్ఘాలు తీస్తూ, "ముద్దులైతే వచ్చె గాని మేకు రాలేదూ!" అన్నారు.

ఎనీల్సా ఆ గుంపులోనే కర్రపెండలం ఉండ తింటూ నిలబడి ఉంది. ఎవరో చూసి వేలెత్తి చూపించారు. అందరి తలలూ తిరిగాయి. ఆమె తప్పుకోలేదు. నాయకుడి దగ్గరికి వెళ్ళి, ముడి అలా చుట్టరనీ, రెండో చరణంలో ప్రాస చచ్చిందనీ చెప్పి, మిగిలిన ఉండ నములుతూ నడిచి వెళ్ళిపోయింది. జనం ఈలలు వేశారు. ఇంటికి చేరాక మాత్రం తలుపు గడియ పెట్టుకుని ఊగుడుకుర్చీలో కూలబడింది. తన నోటి దురుసును వెక్కిరించి ఉంటే పట్టించుకునేది కాదు. ఏళ్ళ తరబడి నిజాయితీగా విసుక్కున్న మనిషిని పట్టుకుని, తీపి మాటల టక్కరిదంటూ పాడారు. అది మింగుడుపడలేదు.

కార్నివాల్ అయిన కొద్ది రోజులకు ఎపార్కియో అనే ముసలి దర్జీ పొరుగూరు సోలెదాద్ నుంచి రెండు బస్సులు మారి ఆమె ఇంటికొచ్చాడు. చంకలో ఫ్యాన్, చేతిలో ఫోన్. ఇల్లెలా తెలిసిందని అడిగితే, రెబోలోలో మీ ఇల్లు తెలియనిదెవరికి అన్నాడు.

"ఇక్కడికెందుకొచ్చారు? కంపెనీకి రాయండి," అంది ఎనీల్సా.

ముసలాయన ఫోన్ ఆమె ముఖానికి దగ్గరగా పెట్టాడు. "నేరుగా అని రాసుంది కదమ్మా. అందుకే నేరుగా వచ్చా."

ఆమె తలుపు వేయబోయింది. అతని చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. విసురుగా చెప్పులు తొడుక్కుని, ముసలాయన్ను వెంటబెట్టుకుని, దగోబెర్తో డొమినోలు ఆడుకునే చెట్టు నీడకు వెళ్ళింది. అతను తల ఎత్తకుండానే, తాను రిటైరైన పెద్దమనిషిననీ, ప్రశంసాపత్రం కూడా ఉందనీ అన్నాడు.

"ఆ పత్రంలో నీ పేరైనా సరిగా ఉందా చూసుకున్నావా? లే," అంది ఎనీల్సా.

ఎలాగూ ఓడిపోతున్న ఆట. దగోబెర్తో లేచాడు. ఆమె ఇంటి వరండాలో కూర్చుని, మూలపడేసిన పాత ఫ్యాన్ మెడ పీకి ముసలాయన ఫ్యాన్‌కు తగిలించాడు. వెళ్తూ వెళ్తూ ఎపార్కియో తన పేటంతా చెప్పుకుంటూ పోయినట్టున్నాడు. మర్నాడు ముగ్గురొచ్చారు. ఆ తర్వాత వరండా మెట్ల నుంచి వీధి మలుపు దాకా వరస సాగింది. ఎనీల్సా గోదాము నుంచి రాగానే ఎగాదిగా చూడటం, విసుక్కోవడం, తీసుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది. జనం తోచింది ఇచ్చేవాళ్ళు. ఏమీ లేనివాళ్ళు జున్నుముక్కో కర్రపెండలమో పెట్టి పోయేవాళ్ళు. దగోబెర్తో రోజూ రేపటి నుంచి రానని చెప్పేవాడు, రోజూ వచ్చేవాడు.

ఫ్యాక్టరీలో తదేయో ప్రకటనల మీద ఇంకా డబ్బు కుమ్మరించాడు. ఆమె ముఖం ఎంతమందికి చేరితే వరండా ముందు వరస అంత పెరిగింది. తాము డబ్బు పోసి ఆమె ఇంటికి జనాన్ని పంపుతున్నామని కంపెనీకి అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

అర్థమైన రోజున డాన్ అబిమాయెల్ కారు వచ్చి వీధిలో ఆగింది. ఆయన అద్దం దించకుండా తదేయోను దింపాడు. కంపెనీ పేరు వాడుకుని దొంగవ్యాపారం చేస్తున్నారని తదేయో వరస అందరికీ వినబడేలా అన్నాడు.

ఎనీల్సా ఒక ఫ్యాన్ రెక్కల దుమ్ము దులుపుతూనే జవాబిచ్చింది. "నేనెవర్నీ పిలవలేదు బాబూ. పిలిచింది మీరు. నా బొమ్మ పెట్టి, పగలూ రాత్రీ, ఊరంతా పిలిచారు. పాపం వాళ్ళు నమ్మారు. నమ్మినవాళ్ళకి నేను సమాధానం చెప్పుకుంటున్నా. నా ముఖం తీసెయ్యండి, ఇవాళే వెళ్ళిపోమంటా."

తీయలేమన్నాడు తదేయో. అన్ని ప్రకటనల్లోకీ బాగా నడుస్తున్నది అదేనట. వరసలో నవ్వులు లేచాయి.

ఆ నవ్వులకు డాన్ అబిమాయెల్ ఉండబట్టలేక కారు దిగాడు. పది అడుగులు నడిచేసరికి ఆయన మెడ మీద చెమట ధారకట్టింది. లేదిస్ మర్యాదగా కుర్చీ వేసి, అప్పుడే బాగుచేసిన ఫ్యాన్‌ను ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. కోపం కొంచెం దిగింది.

"గాలి బాగుంది. ఏ కంపెనీది?" అని అడిగాడు.

దగోబెర్తో నోట్లోని స్క్రూ తీసి, "మీదే డాన్ అబిమాయెల్," అన్నాడు.

ఆయన లేచి, సోమవారం నుంచి పనికి రానక్కర్లేదని ఎనీల్సాతో చెప్పి కారెక్కాడు. ఆమె సరేనంది. తదేయో మాత్రం వెంటనే ఎక్కలేదు. ఫ్యాన్లు పట్టుకుని నిలబడ్డ ఆ పొడుగాటి వరసను, ఎనీల్సాతో సహా, ఫోన్‌లో ఫోటో తీసుకుని మరీ ఎక్కాడు.

ఆ ఫోటో ఎందుకో కొన్ని నెలల తర్వాత తెలిసింది. బొగోటాలో ప్రకటనలవాళ్ళ సభ జరిగింది. కొనుగోలుదారుకు ఇంత చేరువైన కంపెనీ దేశంలో మరొకటి లేదని తదేయోకు బహుమతి ఇచ్చారు. వేదిక వెనక తెర మీద ఆ వరస ఫోటోనే. లేదిస్ ఫోన్‌లో అది చూసి ఎనీల్సా తర్వాతి ఫ్యాన్ అందుకుంది. దగోబెర్తో మాత్రం ఫోటోలో తన పొట్ట ఒక్కటే పడిందని గొణిగాడు. బహుమతి రాగానే తదేయోను పరుపుల కంపెనీ ఒకటి ఎగరేసుకుపోయింది. అతని స్థానంలో వచ్చినవాళ్ళు ఎనీల్సాను తీసేసి, ఎండిన గడ్డి రంగు జుట్టున్న ఒక పిల్ల ఫోటో పెట్టారు. ఆ పిల్ల ఎవరో, ఏ దేశమో, జీవితంలో ఎప్పుడైనా చెమట పట్టిందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె కూడా అందరినీ అలాగే ప్రేమిస్తోంది.

ప్రకటన పోయినా వరస పోలేదు, కొంచెం తగ్గిందంతే. అదెవరి కోసం వస్తోందన్న దాని మీద దగోబెర్తోకూ ఎనీల్సాకూ గొడవ మొదలైంది. నా చేతుల కోసం అంటాడతను. చేతులున్నవాడు వీధికొకడు దొరుకుతాడు అంటుందామె. ఒకసారి మాట పెరిగి ఆమె సంచి సర్దుకుని సియేనగాలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోయింది. రెండు వారాలు ఉంటానంది.

నాలుగో రోజుకే లేదిస్ ఫోన్ చేసింది. వరస సగానికి పడిపోయిందట. వచ్చినవాళ్ళు కూడా ఫ్యాన్ ఇచ్చి వెళ్ళకుండా అటూ ఇటూ చూస్తూ నిలబడుతున్నారట. ఒకావిడ, ఇవాళ మమ్మల్ని తిట్టేవాళ్ళెవరూ లేరా అని అడిగేసిందట.

తిట్లు తినడానికి రెండు బస్సులు మారి వచ్చే ఊరు ప్రపంచంలో ఇంకోటి ఉండదని ఎనీల్సా చెల్లెలితో ఈసడించుకుంటూ చెప్పింది. బుద్ధిలేని జనం, బుద్ధిలేని ఊరు అంది. అంటూనే సంచి సర్దింది. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వరండాలో ఐదారుగురున్నారు. ముందున్న ఆవిడ చేతిలోని ఫ్యాన్ చూసి, సంచి కిందపెట్టకుండానే, "అమ్మా, ఆ రెక్కల మీది మట్టిలో ఒక మడి కర్రపెండలం వెయ్యొచ్చు," అంది.

ఆవిడ సిగ్గుపడుతూ ఫ్యాన్ అందించింది. దగోబెర్తో తల ఎత్తకుండా స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపాడు.