తొమ్మిది తలల హాజరు

మా పిన్ని మనుషుల మొహాలు చూడదు, మెడలు చూస్తుంది. మొహానిదేముంది, అది ఎన్ని వేషాలైనా వేస్తుంది, మెడకి మాత్రం అబద్ధం చెప్పడం చేతకాదు అంటుంది. ఎదురింటావిడ పదిహేనేళ్ళుగా ఎదురింట్లోనే ఉంటోంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంటుందా లేదా అని అడిగితే పిన్ని తెల్లమొహం వేస్తుంది. "కుడివైపు ముప్పావు దాకా తిరిగి ఆగిపోతుంది, ఆవిడే కదూ?" అని మాత్రం ఠక్కున చెబుతుంది.

పిన్ని ఫిజియోథెరపిస్టు. అందులోనూ మోకాళ్ళూ నడుములూ ఆవిడకి ఆనవు, తలలే కావాలి. మెడ బిగుసుకుపోయి తలనొప్పి తెచ్చుకున్నవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు, నిద్రలో పళ్ళు కొరికి కొరికి దవడ పట్టేసినవాళ్ళు, అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. కింద క్లినిక్, పైన ఇల్లు. కాలేజీ చదువుకునే రోజుల్లో నేను ఆ ఇంట్లోనే ఉండి, సాయంత్రాలు క్లినిక్‌లో ఫోన్ ఎత్తేదాన్ని. వచ్చేవాళ్ళ పేర్లు రాయబోతే పిన్ని ఒప్పుకునేది కాదు. "పేరెందుకే? ఏం తిరగడం లేదో రాయి చాలు" అనేది. అందుకని మా పుస్తకంలో నాలుగింటికి "ఎడమ", నాలుగున్నరకి "పైకి చూడలేడు", అయిదింటికి "దవడ" అని ఉండేవి. ఒకరోజు ఆరింటికి "అసలు తిరగడం లేదు" అని రాసుకున్నాను. ఆరింటికి ఒకాయన సంచీ పట్టుకుని వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే పిన్ని బల్ల మీద పడుకోబెట్టి అరగంట మెడ సవరించింది. లేచి కూర్చుని, "చాలా హాయిగా ఉందమ్మా, ఇంతకీ తిరగని తాళం ఏ గదిదో చూపిస్తే బాగుచేసి వెళతాను" అన్నాడు.

బాబాయితో పరిచయం కూడా ఇలాగే అయింది. బాబాయి గ్రంథాలయంలో పనిచేసేవాడు. ఒకనాడు వంగి పుస్తకాలు సర్దుకుంటుంటే వెనకనుంచి ఓ గొంతు, "బోర్లా పడుకోవడం మానేయండి" అందట. బాబాయి ఉలిక్కిపడి, అతికష్టం మీద అటు తిరిగి చూశాడట.

"మరి నీకు కోపం రాలేదా బాబాయ్?"

"నేనెలా పడుకుంటానో మా అమ్మకే పట్టలేదు. పట్టించుకున్న మనిషిని వదులుకుంటానా?"

ఏటా డిసెంబరు చివర సెలవులకి అందరం పిన్ని ఇంటికి చేరతాం. అమ్మా నాన్నా, నేనూ మావారూ, మా పిల్లలిద్దరూ, అమ్మకీ పిన్నికీ అన్నగారైన మా పెద్దమామయ్యా, అత్తయ్యా. బాబాయితో కలిపి తొమ్మిది తలలు. వెళ్ళిన రోజు మధ్యాహ్నం ఆ తొమ్మిది తలలూ కింద క్లినిక్‌లో హాజరు వేయించుకుంటేగాని పైన భోజనం వడ్డించరు. పిన్ని వెనక నిలబడి ఒక్కొక్కరి తలా రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతుంది, పుర్రె కింద వేళ్ళతో వెతుకుతుంది, ఏదో గొణుక్కుంటుంది. పైన సూప్ చల్లారిపోతూ ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మావారు బల్ల మీద కూర్చుని, "మీ ఇంట్లో అల్లుళ్ళ తల సరిగ్గా ఉందో లేదో పెళ్ళికి ముందు చూసుకోరా?" అని నా చెవిలో అడిగారు.

ఈ గోల పన్నెండేళ్ళ నుంచి నడుస్తోంది. ఎందుకు మొదలైందో ఎవరూ అడగలేదు. పిన్నికి మెడల పిచ్చి, అంతే అనుకున్నాం.

పోయిన ఏడు మాత్రం పెద్దమామయ్య రానన్నాడు.

పెద్దమామయ్య ఆరడుగుల మనిషి. ముప్పై నాలుగేళ్ళు లైన్‌మ్యాన్‌గా చేశాడు. గాలివానలో కూడా స్తంభమెక్కి తీగలు కలిపిన మనిషి. జలుబు చేస్తే కూడా "జలుబు కాదు, ముక్కు కడుక్కుంటోంది" అనేవాడు. అలాంటివాడు ఫోన్ చేసి, "ఈ ఏడు నన్ను వదిలేయండి, మీరు కానివ్వండి" అని పెట్టేశాడు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అన్నయ్య లేని సెలవులు ఆవిడ పుట్టాక ఒక్కటీ లేవు.

"ఇదంతా అల్లుడుగారి వల్లే. అన్నయ్య బల్బు మార్చడానికి స్టూలెక్కితే, వయసైపోయింది దిగండి అన్నారు. ఆయన మనసు విరిగిపోయింది" అని తేల్చేసింది.

మావారు వణికిపోయారు. "నేను వయసైపోయిందనలేదండీ. జాగ్రత్తండీ అన్నాను."

"రెండూ ఒకటే" అంది అమ్మ.

పిన్ని అంతకు ముందు వారం మామయ్యతో వీడియోలో మాట్లాడింది. వెనకనుంచి అత్తయ్య పిలిస్తే, ఆయన తల తిప్పకుండా కుర్చీతో సహా మొత్తం మనిషి తిరిగాడట. అత్తయ్యేమో మాటల్లో మాటగా, "ఈమధ్య మంచం మీద పడుకోవడం లేదు, కుర్చీలోనే నిద్ర బాగా పడుతోందట" అందట. పిన్నికి అంతకంటే ఏం కావాలి? కానీ ఈ సంగతులేవీ అప్పుడు మాకు చెప్పలేదు. ఫోన్ తీసి అన్నగారికి కలిపింది.

"అన్నయ్యా, క్లినిక్‌కి కొత్త బల్ల వచ్చింది. తల వైపు కిందికి దిగుతుంది. పొడుగు మనుషులకి సరిపోతుందో లేదో తెలియడం లేదు. మనింట్లో పొడుగువాడివి నువ్వొక్కడివే."

"బిగింపులు సరిగ్గా ఉన్నాయా?"

"అదే నువ్వొచ్చి చూడాలి."

"సరే, బల్ల చూసి వెళ్ళిపోతా" అన్నాడు. విందుకి పిలిస్తే రాని మనిషి పని ఉందంటే వచ్చేస్తాడని చెల్లెలికి తెలుసు.

వచ్చాడు. అత్తయ్య భుజం గట్టిగా పట్టుకుని గేటు దాటాడు. "మీ అత్తయ్యకి మెట్లంటే భయం పట్టుకుంది, అందుకని పట్టుకున్నా" అన్నాడు. ఆవిడ భుజం విడిపించుకుని చకచకా మెట్లెక్కి పైకి పోయింది. మామయ్య ఎక్కలేదు. కింద వరండాలో గోడవారగా కుర్చీ లాక్కుని, మెడ కదపకుండా కూర్చున్నాడు.

హాజరు మొదలైంది. ఆ ఏడు పద్ధతి మారింది. అందరినీ వరండాలో వరసగా కూర్చోబెట్టి, పిన్ని తలుపు దగ్గర నిలబడి పెద్ద గొంతుతో ప్రశ్నలడిగింది. చూపు రెండుగా కనిపిస్తోందా? చెయ్యీ కాలూ తిమ్మిరెక్కాయా? మాట తడబడిందా?

"తడబడింది" అన్నాడు మా చిన్నవాడు. వాడికి ఆరేళ్ళు.

"ఎప్పుడురా?"

"టీచర్ లెక్కలడిగినప్పుడు."

మామయ్య అన్నిటికీ లేదు లేదు అన్నాడు. పిన్ని ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తలుపు వేసింది. మొదట బాబాయి వెళ్ళాడు. అయిదు నిమిషాలకి బయటికొచ్చి, తలుపు పట్టుకుని, "అబ్బా, గదంతా గిర్రున తిరిగింది" అన్నాడు. నాన్న వచ్చి, "నాకూ తిరిగింది" అన్నారు. మావారు వచ్చి, మామయ్య వైపు భయంగా చూసి, "తిరిగిందండీ. బాగా" అన్నారు.

నాకు కంగారు పుట్టింది. ఒకే ఇంట్లో ఇంతమందికి ఏమిటీ రోగం?

నా వంతు వచ్చింది. బల్ల మీద కూర్చోబెట్టి, తల పక్కకి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. తల బల్ల అంచు దాటి కిందికి వాలింది. పైన ఫ్యాన్ ఫ్యాన్‌లాగే ఉంది.

"తిరిగిందా?"

"లేదు పిన్నీ."

"బయటికెళ్ళి తిరిగిందని చెప్పు."

"తిరగలేదుగా!"

"తిరిగిందని చెప్పమన్నానా?"

మా పిన్ని వేళ్ళు మెడ మీద ఉండగా ఎదురు చెప్పిన మనిషి ఇంతవరకు లేడు. బయటికొచ్చి తిరిగిందన్నాను. అప్పుడు బాబాయి కళ్ళలోకి చూశాను. బాబాయి పైకప్పు చూశాడు. నాన్న చెప్పులు చూసుకున్నారు. ఎవరికి వాళ్ళే తామొక్కరే అబద్ధమాడామని అనుకుంటున్నట్టున్నారు పాపం.

అమ్మకి నటన రాదు. "తిరిగింది" అని చెప్పి, తెగ సిగ్గుపడిపోయి వంటింట్లోకి పరుగెత్తింది. అత్తయ్య తడుముకోకుండా చెప్పేసింది. మా పెద్దమ్మాయి మర్యాదగా నుదురు పట్టుకుంది. చిన్నవాడు మాత్రం వరండా పొడుగునా గోడ పట్టుకుని తూలుతూ, మధ్యలో రెండుసార్లు కూలబడి, నాలుక బయటపెట్టి మరీ నడిచాడు.

ఎనిమిది మందినీ చూశాక పెద్దమామయ్య మెల్లిగా అడిగాడు. "అందరికీ ఉందా ఇది?"

"అందరికీ ఉందన్నయ్యా. రా, బల్ల చూద్దువుగాని" అంది పిన్ని. నన్ను కూడా రమ్మంది. పొడుగు మనిషి కదా, కాళ్ళ దగ్గర ఒకరుండాలంది.

లోపలికి వచ్చి మామయ్య ముందు బల్ల బిగింపులు చూశాడు. ఒక మర తన చేత్తోనే బిగించాడు. తర్వాత అంచు మీద కూర్చుని, చెల్లెలి వైపు చూడకుండా చెప్పాడు.

"మూడు నెలల నుంచి ఉంది. పడుకోబోతే మంచం పల్టీ కొట్టినట్టుంటుంది. అటు ఒత్తిగిల్లానా, అంతే. స్తంభం మీద గాలికి ఊగుతూ పనిచేసినవాణ్ణి, మంచానికి భయపడి కుర్చీలో పడుకుంటున్నానంటే ఎవరితో చెప్పుకోను? అందరి ముందూ తూలి పడితే తలెత్తుకోగలనా?"

"చెవిలో ఇసుకంత సన్న రేణువులుంటాయి అన్నయ్యా. అవి ఉండాల్సిన చోట ఉండక పక్క సందులోకి పోయాయి. మళ్ళీ వాటి చోటికి పంపేద్దాం. పడుకోగానే తిరుగుతుంది. నేను పట్టుకునే ఉంటాను. కళ్ళు మూసుకోకు."

పడుకోబెట్టింది. మామయ్య కనుపాపలు గబగబా ఓ పక్కకి కొట్టుకున్నాయి. ఆయన చెయ్యి గాలిలో వెతుక్కుని పిన్ని మోచెయ్యి పట్టుకుంది. పిన్ని కదల్లేదు. ఆ తలని అలాగే పట్టుకుని లెక్కపెట్టింది, తిప్పింది, మళ్ళీ లెక్కపెట్టింది, ఒత్తిగిలించింది. ఆ కాళ్ళ దగ్గర నిలబడే నాకు తెలిసొచ్చింది. పన్నెండేళ్ళ కిందట, నా ఆఖరి పరీక్షల ముందు, నాకు రోజూ విపరీతమైన తలనొప్పి వచ్చేది. చెబితే చదువు మాన్పించి ఇంటికి తీసుకెళతారని ఎవరికీ చెప్పలేదు. ఆ డిసెంబరులోనే పిన్ని ఇంటిల్లిపాదినీ వరసలో నిలబెట్టింది. నేను నాలుగోదాన్ని. పుర్రె కింద రెండు వేళ్ళు ఆనించి, "దీనికి రోజూ సాయంత్రం మెడ చూడాలి, పద" అని మాత్రమే అంది. వరస మొత్తం నా కోసమే. అడగలేని మనిషి ఒక్కరుంటే వాళ్ళని ఒంటరిగా పిలవకూడదని ఇంట్లోవాళ్ళందరి తలలూ పట్టుకునే మనిషిని మేము పిచ్చిదన్నాం.

ఇంకోసారి చేశాక మామయ్య లేచి కూర్చున్నాడు. తల ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. మళ్ళీ తనంతట తానే పడుకున్నాడు.

"తిరగడం లేదమ్మాయ్" అన్నాడు.

"బల్ల బాగానే ఉందన్నమాట" అంది పిన్ని.

ఆ రాత్రి మామయ్య మంచం మీద పడుకున్నాడు. బల్ల చూసి వెళ్ళిపోతానన్న మనిషి అయిదు రోజులున్నాడు. కానీ మా గతి చూడండి. మర్నాడు పొద్దున్న ఆరింటికే మా గది తలుపు బాదాడు. "లేవండి. నాకు తగ్గింది, మీకూ తగ్గాలిగా! చెల్లెలు కసరత్తు చెప్పింది." అందరం దుప్పట్లు ముసుగేసుకుని హాల్లోకి వచ్చి, అక్కడ వేసిన మంచాల అంచున కూర్చుని, ఎడమకి పడుకుని లేచి, కుడికి పడుకుని లేచి, పదేసి సార్లు. తల తిరగలేదని ఇప్పుడెవరు ఒప్పుకోగలరు? మావారు పక్కకి ఒరిగినవారు ఒరిగినట్టే నిద్రపోతే, "అల్లుడుగారూ, వయసులో ఉన్నారు, లేవండి" అని లేపాడు. అయిదు రోజులూ ఇదే వరస.

సెలవుల ఆఖరి భోజనం దగ్గర ఒక్కొక్కరూ ఆ ఏడాది ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలో చెప్పాలని బాబాయి పెట్టిన నియమం ఒకటుంది. పెద్దమామయ్య ఏటా "కరెంటు పోనందుకు" అని కూర్చునేవాడు. ఆ రోజు నిలబడి, గ్లాసు పట్టుకుని, "నాతోపాటు తల తిరిగినవాళ్ళందరికీ" అన్నాడు. అమ్మకి పొలమారింది.

సాయంత్రం ఆయన్నీ అత్తయ్యనీ బస్సు దాకా దింపడానికి నేనే వెళ్ళాను. అత్తయ్య చకచకా ముందు నడిచిపోయింది. మామయ్య సంచీ తనే మోసుకుంటూ, దారిలో ప్రతి స్తంభాన్నీ తలెత్తి చూస్తూ నడిచాడు.

"మీ చిన్నవాడు బాగా చేశాడే. కానీ వరండా మలుపు దాటగానే ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయాడు. నేను కూర్చున్న చోటికి కనిపిస్తూనే ఉంది" అన్నాడు.

నా నడక ఆగిపోయింది. "అంటే నీకు అప్పుడే తెలుసా మామయ్యా?"

"ఏ తీగలో కరెంటుందో చూసుకోకుండా స్తంభమెక్కితే ఇన్నేళ్ళు బతికుండేవాణ్ణా?"

"తెలిసీ లోపలికెళ్ళావా?"

"ఎనిమిది మంది, కూడబలుక్కోకుండా, నా కోసం ఒకే అబద్ధం ఆడారు. అంతమంది నాకున్నారని తెలిశాక ఇంకా బిగుసుకుని కూర్చుంటే నా అంత మూర్ఖుడు ఉంటాడా?" బస్సు వచ్చింది. ఒక కాలు పైన పెట్టి ఆగాడు. "మీ పిన్నితో అనకు. దానికి మెడలు తప్ప ఏమీ తెలియదని అందరూ అనుకుంటున్నారు, అలాగే అనుకోనీ."

"మరి మాకేమీ లేదని తెలిసి కూడా అయిదు రోజులు పొద్దున్నే ఆ కసరత్తులెందుకు చేయించావు?"

"పెద్దవాడితో అబద్ధమాడితే ఊరికే వదిలేస్తానా?"

ఇప్పటికీ రోజూ ఆరింటికి ఫోన్ చేసి "చేశారా?" అని అడుగుతాడు. "చేశాం మామయ్యా" అని చెప్పి, మళ్ళీ దుప్పటి ముసుగేసుకుంటాం.