లంకెబిందెలు ఎవరివి?

మొన్న మా మనుమరాలు కిటికీ పక్కన కూర్చుని, పిల్లల నవల ఒకటి చదువుతూ తనలో తానే నవ్వుకుంటుంటే, పుస్తకం చదవడానికి ఒక్కరు చాలునా అని నాకు క్షణంపాటు వింతగా తోచింది. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న ఆ నలభైలలో, మా సిద్దిపేటలో నవల చదవడమంటే ముగ్గురం కలవాలి: అక్షరాలు వచ్చిన నేను, కందిలి లాంతరు గల సావుకారి, కథలంటే చెవి కోసుకునే మా నాన్న, అంటే మా బాపు.

బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవారు. సావుకారిది కిరాణా దుకాణం, కల్లు వాసనే ఆయనకు గిట్టదు. అయినా పొద్దు వాలేసరికి బాపు మోకు భుజాన వేసుకుని, ముంజలు తాటాకులో చుట్టుకుని ఆ దుకాణం అరుగు చేరనిదే ఇద్దరికీ తోచేది కాదు. యుద్ధం వల్ల గ్యాసునూనె కరువైనా సావుకారి మా చదువుకోసం కందిలి ముట్టించేవారు. బడిలో ఉర్దూ, గ్రంథాలయంలో ఒక పెద్దాయన దయవల్ల తెలుగు నేర్చుకున్న నేను, ఒకసారి వేసవిలో అక్కడినుండే ఒక పిల్లల నవల తెచ్చాను.

అందులో కుమ్మరి ఇంటి అనాథ బాలుడు, దొర కొడుకు ప్రాణస్నేహితులు. దొర చెలకలో మట్టి తవ్వుతుండగా కుమ్మరి పిల్లవాడి గడ్డపారకు లంకెబిందెలు తగులుతాయి. అవి ఎవరివన్న తగవుతో స్నేహితులు విడిపోయిన ఘట్టం చదివి నేను ఊపిరి తీసుకున్నానో లేదో, అరుగుమీద తగవు మొదలైంది.

"జాగ దొరది. బిందెలు గుడ దొరయే," అన్నారు సావుకారి.

"గన్నేండ్ల సంది గాడ్నే ఉంటె దొరకెందుకు దొర్కలే? తవ్వినోనియే," అన్నారు బాపు.

"నా దుకాన్ల నువ్వు తవ్వితె నీయైతయా గౌడా?"

"నీ దుకాన్ల తవ్వనీకి ఏమున్నయి, ఎలుకబొక్కలు తప్ప!"

నేను నవ్వాను, సావుకారి నవ్వలేదు. కందిలి తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ తరువాత కొన్నాళ్లు బాపు ఆ వీధికే పోలేదు. అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. ఆ అవ్వ మాత్రం ఊరుకోలేదు. "పుస్తకంల పోరగాండ్లు కొట్లాడితె మీరు మూతులు ముడుసుకున్నరా? గా బిందెలు మనింటికొచ్చినయా, ఆయనింటికి పోయినయా?"

ఇంతలో పుస్తకం గడువు ముంచుకొచ్చింది; మరునాడే గ్రంథాలయానికి తిరిగి ఇవ్వాలి. మిగిలిన కథ పొయ్యి వెలుగులో చదువుతానని నేను పుట తెరిస్తే, బాపు దానిమీద అరచెయ్యి పెట్టారు.

"ఆగు బిడ్డా. సావుకారి లేకుంట నేనొక్కన్నే ఇంటే ఎట్ల? ఆయనకు మిగిలిన కత ఎట్ల దెలుస్తది?"

నా చెయ్యి పట్టుకుని నేరుగా దుకాణానికి నడిచారు. "సావుకారీ, మన పంచాయితి తర్వాత జూసుకుందాం. గా పోరగాండ్లు కలిసిన్రో లేదో ముందుగాల ఇందాం," అన్నారు.

కందిలి అప్పటికే అరుగుమీద వెలుగుతోంది.

"దినాం ముట్టించి కూసుంటున్న. ఇప్పటికి తీరిందా నీకు?" అని సావుకారే ఎదురు కసురుకున్నారు.

ఆ స్నేహితులు మళ్లీ కలుసుకున్న పుట చదువుతుంటే ఇద్దరూ దుబ్బాక తువ్వాళ్లతో ముక్కులు తుడుచుకున్నారు. పుస్తకం మూయగానే లంకెబిందెల తగవు తిరిగి అందుకున్నారు. బతికినన్నాళ్లూ దాన్ని అపురూపంగా సాగించారు.

మా ఇంట తొలి డిగ్రీ పట్టా నాదే. ఆ తరువాత ఎన్నో పుస్తకాలు చదివాను, కథల గురించి పండితులు వాదించుకోగా విన్నాను. కాని కోపంలో ఉండి కూడా, పక్కమనిషి రానిదే కథ ముగింపు వినలేని వారిని నేను మళ్లీ చూడలేదు.