ఫ్లాష్ పడని పెళ్ళి

మా అక్క మొగుడి దృష్టిలో ఫ్లాష్ పడితేనే ఫోటో. తార్నాకలో ఆయన స్టూడియోకు వచ్చేవాళ్ళందరిదీ అదే లెక్క. పెళ్ళిళ్ళలో స్టేజీ ఎక్కిన చుట్టాలు కళ్ళల్లో తెల్లటి వెలుగు పడితేగాని కదలరు. "పడలే, ఇంకోటి కొట్టు" అంటూ నిలబడే ఉంటారు. డిగ్రీ అయ్యాక నేనూ ఆ స్టూడియోలోనే చేరాను. బావ కెమెరా పట్టుకుంటే నేను లైటు పట్టుకోవాలి. ఆడపిల్లకు అంతకుమించి చేతకాదని ఆయన నమ్మకం. నాకు ఒళ్ళు మండేది.

ఉన్న ఒక్క కెమెరా మాటిమాటికీ మొరాయిస్తుండడంతో కొత్తది కొనాల్సి వచ్చింది. స్టూడియోకూ పెళ్ళిళ్ళకూ అదే పనికిరావాలి. బావ ఎంచుకున్నది నెత్తిన ఫ్లాష్ ఉన్నది, చూడగానే గొప్పగా కనబడేది. నేను అడిగింది ఫ్లాషే లేనిది, కానీ దీపం వెలుగులో కూడా ముఖాన్ని స్పష్టంగా పట్టేది. ఆయనది వస్తే నా బతుకంతా లైటు మోయడమే. నాది వస్తే పెళ్ళిని నా కంటితో తీయొచ్చు.

ఆ పట్టుదల నాకు క్యాంపస్‌లో వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. సాయంత్రం కాగానే పాత కెమెరా భుజాన వేసుకుని యూనివర్సిటీకి పోయేదాన్ని. కాలేజీ మెట్ల మీద డప్పులు, పాటలు, నినాదాలు. మొదటిరోజు నా ఫ్లాష్ పడగానే అక్కడ పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, గా ఫ్లాష్ బంద్ జెయ్యి. గేటుకాడున్న పోలీసోళ్ళకు మా ముఖాలు నువ్వే చూపెట్టినట్టయితది."

బంద్ చేశాను. ఫోటోలన్నీ మసకగా వచ్చాయి. కానీ వెలుగు పడకపోవడంతో ఎవరూ నా వైపు తిరగలేదు, పోజు పెట్టలేదు. కోపం కోపంలాగే ఉంది, నవ్వు నవ్వులాగే ఉంది. అలాంటి ఫోటోలే తీయాలని ఆరోజే అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. నువ్వే తీయాలని నన్నే అడిగింది. నేను కోరుకున్న కెమెరానే ముషీరాబాద్‌లో అద్దెకు తెచ్చుకున్నాను. బావ వెటకారంగా నవ్వాడు.

"గా డబ్బతోని అంతా నల్లగొస్తది. నేను గూడ వస్తా. స్టూడియో పరువు పోతది లేకపోతే."

పెళ్ళి మెట్టుగూడలో, కిటికీలు లేని ఫంక్షన్ హాలులో. బొగ్గు గనుల్లో సమ్మె వల్ల కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. సరిగ్గా పుస్తె కట్టే వేళకు పోయింది. జనరేటర్ కూడా పలకలేదు. మండపం మీద దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. చీకట్లో బావ చేతిలోని పాత కెమెరాకు ఫోకస్ దొరకలేదు.

"పంతులుగారూ, జర ఆగుండ్రి. లైటొచ్చినంక కడ్తరు" అన్నాడు.

ఫోటో కోసం పెళ్ళి ఆపడం మా వృత్తిలో మామూలే. పంతులు మంత్రం ఆపేశాడు. పుస్తె పట్టుకున్న పెళ్ళికొడుకు చేతులు గాలిలోనే ఆగిపోయాయి. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఆపకుండ్రి! కట్టనియ్యుండ్రి, నేను తీస్తున్న!" అని అరిచాను.

బావ నా భుజం పట్టి గుంజాడు. విదిలించుకున్నాను. మూడు ముళ్ళూ పడేదాకా తీస్తూనే ఉన్నాను.

కాసేపటికి పెళ్ళికూతురి తల్లి నా దగ్గరకొచ్చి అందరూ అడిగేదే అడిగింది. "ఫ్లాష్ పడలే గద బిడ్డా, ఫోటో వచ్చిందా?"

కెమెరా వెనక తెర మీద చూపించాను. దీపం వెలుగులో వంగిన కూతురి మెడ, ఆ వెనకే ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ. ఎవరైనా చూస్తున్నారన్న ధ్యాసే లేదు ఆ ముఖంలో.

"గిది నేనేనా? ఏడ్వద్దని ఎంతగనం ఆపుకున్న..." అని కళ్ళు తుడుచుకుంది. "గిదే పెద్దగ జేసియ్యి బిడ్డా. ఇంట్ల పెట్టుకుంట."

పక్కనే ఉన్న బావ ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. ఆ వారమే కెమెరాల దుకాణానికి వెళ్ళాం. రెండు కెమెరాలూ బల్ల మీద పెట్టించి, బావ చివరి ప్రశ్న వేశాడు.

"గిదే కొన్నమనుకో. ఫ్లాష్ పడలేదని స్టేజి మీదినుంచి చుట్టాలు కదలకపోతే ఏం జెప్తవ్?"

"ఫోటో అయిపోయింది, పోయి బువ్వ తినుండ్రి అని చెప్తా."

దుకాణం ఆయన పకపకా నవ్వాడు. బావ నవ్వలేదు. తను ఎంచుకున్న కెమెరాను మెల్లగా వెనక్కి జరిపాడు.

"మరి పెళ్ళిళ్ళల్ల నేనేం జెయ్యాలె?"

"లైటు పట్టుకో బావా" అన్నాను.