గంప బోర్లించిన చోటు

నిన్న మా కాలేజీ ల్యాబులో పాత సర్వరు తీసేసి కొత్తది పెట్టాం. ఈమధ్యే చేరిన అమ్మాయి "దీనికి ఏ ఐపీ నంబరు ఇమ్మంటారు సార్?" అని అడిగింది. "పాతదే ఇవ్వు. ముందు రౌటరుకి చెప్పు" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తూనే మా మేనత్త గుర్తొచ్చింది. నిజానికి ఆవిడకీ కంప్యూటరుకీ ఏ చుట్టరికమూ లేదు. సెల్‌ఫోనుని కూడా ఎండుచేపని పట్టుకున్నట్టు కొసన పట్టుకునే మనిషి.

ఎచ్చెర్లకి అవతల, సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. తెల్లారి పడవలు రాగానే ఆడవాళ్లు చేపలమ్మడానికి ఇసకలో గంపలు దించుకుని వరసగా కూర్చుంటారు, మా అత్తా వాళ్లలో ఒకతె. గీతలుండవు, కాగితాలుండవు, అయినా ఎవరి చోటు వాళ్లదే. కొన్నాళ్లు రాలేనివాళ్లు అటుపక్కామెకీ ఇటుపక్కామెకీ చెప్పి, పాత గంప బోర్లించి, పైన రాయి పెట్టి వెళ్తారు. అత్త మోకాలికి ఆపరేషనై మంచం పట్టినప్పుడు నొప్పికంటే ఒడ్డున తన చోటు గురించే ఎక్కువ బెంగ పెట్టుకుంది. బేరం పోతే రేపొస్తుంది, చోటు పోతే మనిషే పోయినట్టని ఆవిడ లెక్క. పొద్దున్నే లేచి "నా సోటులో ఎవులైనా కూకున్నారేటి?" అని కొడుకుని అడిగేది. ఆ కొడుకు, అంటే మా బావ, ఒడ్డునే చేపలు తూచే షెడ్డు నడిపేవాడు. "నేదే అమ్మా" అని కసిరేవాడు. ఆవిడ నమ్మేది కాదు.

బావకి ఇంకో తలనొప్పి ఉండేది. కాటా మీద పడిన తూకం షెడ్డులోని సర్వరుకి చేరి, కొనేవాళ్ల ఫోన్లలో కనబడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటరు ఆ సర్వరుకి కొత్త నంబరు ఇచ్చేది. ఫోన్లేమో పాత నంబరు దగ్గరే వెతుక్కునేవి. "ఒరే, ఇది రోజుకో ఇంటికి కాపరం మారస్తన్నాది, వచ్చి సూడు" అని కబురెట్టాడు. వెళ్లి, సర్వరుకి మారని నంబరు ఒకటి పెట్టి, బావ వండిన పులుసు మొహమాటానికి తిని వచ్చేశాను. మర్నాడు మళ్లీ పిలుపు. చూస్తే, కరెంటు పోయిన సందులో ఎవరిదో ఫోను వచ్చి ఆ నంబరులో కూర్చుంది. నేను సర్వరుకి చెప్పానే గాని, నంబర్లు పంచే రౌటరుకి అది ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పలేదు. సంగతి విని బావ నవ్వాడు. "మాయమ్మ నయంరా. పక్కోలకి సెప్పి మరీ వచ్చినాది."

రౌటరుకి చెప్పాల్సింది చెప్పి ఒడ్డుకి నడిచాను. కాలు పెట్టే సందు లేని ఆ వరసలో అత్త చోటు ఒక్కటే ఖాళీగా ఉంది, బోర్లించిన గంపతో, దాని మీది రాయితో. ఫోటో తీసి తీసుకెళ్లి చూపించాను. అత్త చాలాసేపు చూసి కళ్లు తుడుచుకుంది. "గంప తడిసిపోనాదిరా, ఎండలో ఎట్టమని సెప్పు" అంది. ఆ తర్వాత చోటు గురించి అడగడం మానేసింది. నా మనసూ తేలికపడింది.

కాలు నయమయ్యాక ఆవిడ ఆ చోటుకే వెళ్లి కొన్నేళ్లు కూర్చుంది. ఆఖరిసారి మాత్రం నిద్రలోనే, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఒడ్డున ఆవిడ పక్కన కూర్చునేవాళ్లే ఇంటికొచ్చి గంప అడిగి పట్టుకెళ్లి ఆ చోటులో బోర్లించారు. వానలు వచ్చి వెళ్లేదాకా అక్కడ ఎవరూ కూర్చోలేదు. కాలం ఎవరినీ అడిగి లేపదు, కానీ పక్కన మంచివాళ్లుంటే ఆ చోటు నింపడానికి అదీ కాస్త తటపటాయిస్తుంది.