నా నోరు తిన్నగా వచ్చాక

నా ఎడమ చెవి కింద గోళీకాయంత గడ్డ ఉందని మొదట చూసింది మా ఆయన. నొప్పి లేదు. గుడివాడలో హైస్కూలు పిల్లలకి తెలుగు చెప్తాను. పరీక్షలయ్యాక చూపించుకోవచ్చులే అనుకుంటూ ఏడాది గడిపేశాను. అది నిమ్మకాయంత అయ్యాక బందరు వెళ్లాం.

లాలాజలం ఊరే గ్రంథిలో గడ్డ అన్నారు డాక్టరుగారు. సూది గుచ్చి రెండుసార్లు పరీక్షకి పంపినా ఏమీ తేలలేదు. స్కానింగ్ చూసి, "ఆపరేషన్ చేస్తేగానీ చెప్పలేనమ్మా. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలోంచే వెళ్తుంది. దాన్ని కాపాడాలనే చూస్తాను," అన్నారు.

వార్డులో నా పక్క మంచం మీదావిడ అవనిగడ్డ నుంచి వచ్చింది. భర్తతో కలిసి అక్కడ టిఫిన్ కొట్టు నడుపుతుంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడకీ అదే గడ్డ, కుడివైపు. నేను ఏడుస్తుంటే, "ఊరుకోండి టీచరుగారూ. చెరో వైపూ ఇచ్చాడు దేవుడు, పక్కపక్కన నిలబడితే ఫొటోకి బాగుంటాం," అని నవ్వించింది.

ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్ అయింది. మెలకువ వచ్చేసరికి నా నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. ఎడమ కన్ను మూత పడట్లేదు.

"గడ్డ ఆ నరం మీదే పుట్టిందమ్మా, నరం పైపొర లోంచి. చాలా అరుదు. నరం తెగకుండా ఒలిచి తీశాను. నలిగింది కదా, కోలుకోడానికి కొన్ని నెలలు పడుతుంది," అన్నారు డాక్టరుగారు. నాలుగైదు రోజులకి వచ్చిన ముక్క పరీక్షలోనూ అదే తేలింది. కేన్సర్ కాదు.

మా ఆయన బందరు లడ్డూలు తెచ్చి వార్డంతా పంచాడు. అక్కకి నేనే పెట్టాను. "నా రిపోర్టూ ఇలాగే వస్తుందిలెండి," అని తింది.

మర్నాడు ఆవిడ రిపోర్టు వచ్చింది. కేన్సర్. మళ్లీ ఆపరేషన్ చేసి, ఈసారి నరంతో సహా తీసెయ్యాలన్నారు. భర్త ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను నా బల్ల మీదున్న లడ్డూల డబ్బాని మెల్లగా మంచం కిందకి తోసేశాను. ఆ సాయంత్రమే నన్ను ఇంటికి పంపేశారు. ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకుని వచ్చేశాను.

ఇంట్లో అద్దం ముందు కూచుని బుగ్గలు పూరించడం, ప, ఫ, బ, భ పలకడం నా పని. మొదట్లో గాలే తప్ప అక్షరం వచ్చేది కాదు. పడుకునే ముందు కంటికి ప్లాస్టర్ వేసుకునేదాన్ని. నాలుగైదు నెలలకి నోరు తిన్నబడింది. క్లాసులో పిల్లలు చప్పట్లు కొట్టారు.

అక్క అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. రెండో ఆపరేషనూ రేడియేషనూ అయిపోయాయనీ, నరం తీసెయ్యడంతో నోరు వంకరగా ఉండిపోయిందనీ చెప్పేది.

"మీకెలా ఉందండీ?"

"ఇంకా వంకరగానే ఉందక్కా," అనేదాన్ని. ఎందుకన్నానో తెలీదు. ఒకసారి అన్నాక ప్రతిసారీ అదే అనాల్సి వచ్చింది.

వేసవి సెలవుల్లో ఆవిడని చూడ్డానికి అవనిగడ్డ వెళ్లాను. బస్సులోంచే ఎడమవైపు పెదవి కదలకుండా బిగబట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. కొట్లో ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అట్లు వేస్తోంది. కుడి కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి గబగబా వచ్చింది. అల్లప్పచ్చడితో అట్టు పెట్టి, ఎదురుగా కూచుంది. నమిలేటప్పుడు ఎంతసేపని బిగబట్టను?

నన్నే చూస్తోంది.

"బాగైపోయారు కదండీ!"

చేతిలో ముక్క ప్లేట్లో పెట్టేశాను. "ఎప్పుడో బాగైందక్కా. నీకు చెప్పలేకపోయాను," అన్నాను.

కోపం వచ్చిందనే అనుకున్నాను. ఆవిడ కన్ను తుడుచుకుని, "మీ నోరు తిన్నగా రావాలని మోపిదేవి గుళ్లో, పుట్టలో పాలు పోస్తానని మొక్కుకున్నానండీ. ఇంకా రాలేదంటున్నారని మళ్లీ మళ్లీ మొక్కుకుంటూనే ఉన్నాను. ముందే చెప్తే తీర్చేసేదాన్ని కదా," అంది.

భర్తకి కొట్టు అప్పగించి అప్పటికప్పుడే ఆటోలో తీసుకెళ్లింది. పుట్ట దగ్గర ఆవిడ పాలు పోస్తుంటే పక్కన నిలబడ్డాను. నేనూ ఆవిడ కోసం మొక్కుకోవాల్సింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక్కసారైనా నాకా ఊహే రాలేదు.

ఇప్పటివరకూ ఆవిడ పరీక్షలన్నీ బాగానే వస్తున్నాయి. ఇప్పుడు ఫోన్లో అడిగితే బాగున్నానక్కా అనే చెప్తున్నాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ గొంతు తగ్గించే అంటాను.