ఎడమ మూల బొట్టు

ఈ పొద్దున కంప్యూటర్ మానిటర్ మీద దుమ్ము తుడుస్తూ ఎడమ మూలకు వచ్చేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదించింది. అక్కడ తెర కింది నల్లటి అంచు మీద పసుపు, దాని మధ్య కుంకుమ బొట్టు ఉంటుంది. పసుపు కొంచెం రాలినట్టుంది. గుడ్డ తగలకుండా దాని చుట్టూ తుడిచాను. మా ఇంట్లో బొట్టు లేని వస్తువు లేదు. గ్రైండరుకూ, బీరువాకూ, మూలనున్న పాత స్కూటరుకూ కూడా ఉన్నాయి. అవి చెరిగిపోతే మళ్ళీ పెడతాను, అంతకుమించి వాటిని తలుచుకోను. ఈ ఒక్క బొట్టును చూసినప్పుడు మాత్రం స్వామికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఎందుకో చెప్పాలంటే ఆ మానిటర్ కొన్న సంగతి మొదట్నించీ చెప్పాలి.

మా ఆయన బస్సు డ్రైవరు. తెల్లవారుతూనే ఉదయగిరిలో బయలుదేరి ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే బండి చాలా ఏళ్ళు ఆయన చేతిలోనే ఉండేది. కొండ మీది కోట గోడలకు ఎండ తగలకముందే స్టీరింగుకు మొక్కి, అద్దం మీద బొట్టు ఉందో లేదో చూసుకొని గానీ బండి కదిలించేవారు కాదు. రిటైరైన కొత్తలో ఆ చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. అన్నం పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకొని మెల్లగా అటూ ఇటూ తిప్పుతుంటే, నేను చూడనట్టే చారు పోసేదాన్ని. అలాంటి రోజుల్లో మా అమ్మాయి నెల్లూరు నుంచి వచ్చి, పెళ్ళికి ముందు తను ఆడుకున్న గేమ్ కన్సోల్‌ను అటక మీది నుంచి దించి టీవీకి తగిలించింది. అందులో లారీ తోలే ఆట ఒకటుంది. ఇక చూడాలి. చేతిలో రిమోటు లాంటిది, కాళ్ళ కింద ఉత్త గచ్చు. అయినా మలుపు వస్తే కుడికాలితో గచ్చును గట్టిగా తొక్కేవారు. లారీ లోయలో పడితే లేచిపోయి మొహం కడుక్కొని వచ్చేవారు.

నాకూ ఒక కంప్యూటర్ ఉంది. నేను బడి మొహం ఎరగను. చిన్నతనంలో ఆయాసం వల్ల మా నాయన నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఒత్తు ఒకటి వంకర పోతే ఆ మాటను మళ్ళీ మొత్తం రాయించేవాడు. ఆ చదువు నాకు ఇప్పుడు పనికొచ్చింది. మా ఆడబిడ్డ నడిపే భజన బృందంలో ఉన్నవాళ్ళందరికీ చూపు మందగించింది. హారతి పాటలు పెద్ద అక్షరాల్లో కొట్టి, అచ్చు తీయించి ఇస్తుంటాను. అయితే నా పాత మానిటర్‌లో నిలువు గీతలు మొదలయ్యాయి. స్వామి పేరులో ‘ష్ణ’ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది.

అప్పుడే మా ఆడబిడ్డ పెంచలకోన గుడికి ప్రయాణం తలపెట్టింది. భజన వాళ్ళందరికీ ఒక వ్యాను, తోలేది తన తమ్ముడు, అంటే మా ఆయనే. ఆ మాట విన్న రోజున ఆయన మారు అన్నం కూడా పెట్టించుకున్నారు. రిటైరయ్యాక ఆయన్ను బండి తోలమని అడిగినవాళ్ళు లేరు. చెయ్యి తిరగాలి కదా అని ఆ రోజు నుంచి ఆటను సాధనగా పెట్టుకున్నారు. అయితే ఎంత తోలినా లారీ దేనికో ఒకదానికి తగులుతూనే ఉంది. ఎక్కడి నుంచి ఊడిపడతాడో తెలీకుండా మోటారు సైకిలు వాడు వచ్చి పడుతున్నాడని విసుక్కునేవారు. తప్పంతా టీవీది అన్నారు. నొక్కిన తర్వాత ఎప్పటికో లారీ తిరుగుతుందట. అమ్మాయికి ఫోను చేస్తే అదీ నిజమేనంది. పాత టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుందట. ఇద్దరికీ కలిపి ఒక మంచి మానిటర్ కొనుక్కోండి, కంప్యూటర్‌కొక వైరు, ఆటకొక వైరు పట్టేది చూడండి, మీట నొక్కితే అమ్మది పోయి నాన్నది వస్తుంది అని చెప్పింది.

ఆత్మకూరు పోయాం. బస్సులో కూడా ఆయన డ్రైవరు వెనక సీటులోనే కూర్చుని, అడక్కపోయినా అతనికి గుంటలు చెబుతూ వచ్చారు. కంప్యూటర్ల అంగడిలో ఉన్న అమ్మాయి ఓపిక గలది. రెండు తెరలు పక్కపక్కన వెలిగించింది. ఒకటి చాలా వెడల్పు, విల్లులా వంగి ఉంది. ఆటకు దీన్ని మించింది లేదంది. రెండోది మామూలుది, చిన్నది, చదునుగా ఉంది. నేను పెన్ డ్రైవులో తీసుకుపోయిన హారతి పాటను రెండింటిలోనూ తెరిపించి ఒత్తులు చూసుకున్నాను. చిన్నదాంట్లో ముత్యాల్లా ఉన్నాయి. పెద్దదాంట్లో అక్షరాల అంచులు కాస్త చెదిరినట్టున్నా, ఆయన ముచ్చట తీరాలని నేను పెద్దదానికే మొగ్గాను. ఆయన దాని ముందు కూర్చుని, అంగడి అమ్మాయి పెట్టిన కారు ఆట కాసేపు ఆడి లేచారు. సినిమాకు నేల టిక్కెట్టులో ముందు వరసలో కూర్చున్నట్టుంది, చిన్నదే చాలు అన్నారు. నా పాటల కోసం ఆయన తన ఆట తగ్గించుకున్నారనుకొని, తిరిగి వచ్చే దారి పొడుగునా ఆ మంచితనాన్నే తలుచుకుంటూ వచ్చాను.

ఇంటికి తెచ్చి వైర్లు తగిలిస్తే బొమ్మ వచ్చింది గానీ మాట రాలేదు. మానిటర్‌లో స్పీకరు ఉండదని మాకెవరికి తెలుసు? హారను లేని బండి ఎట్లా తోలేదని ఆయన బెంగపడితే, అమ్మాయి వదిలిపోయిన చిన్న స్పీకరు వెతికి పెట్టాను. ఆయన కాళ్ళు కడుక్కొని వచ్చేలోగా మానిటర్‌కు పసుపు పూసి బొట్టు పెట్టాను. తెర మీద పెడితే మరక పడుతుందని కింది అంచున ఎడమ మూల పెట్టాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. లారీ సిద్ధంగా ఉంది. చేతులు కదల్లేదు.

“ఏందే, బొట్టు పెట్టడం మరిచిపోయినావా?” అన్నారు.

నేను నవ్వాను. “పెట్టినాను గదండీ. ఎదురుగానే ఉండాది.”

“ఏదీ? నాకు కనపడలా.”

హాస్యమాడుతున్నారనుకున్నాను. దగ్గరికి పోయి ఆయన గడ్డం పట్టుకుని ఎడమవైపుకు కొంచెం తిప్పాను. అప్పుడు కనపడింది ఆయనకు. కనపడగానే తల మళ్ళీ నేరుగా పెట్టారు. మళ్ళీ తిప్పారు. అలా నెమ్మదిగా తిప్పుకుంటూ ఎంతసేపున్నారో తెలీదు. స్పీకరులో లారీ ఇంజను మాత్రం మోగుతూనే ఉంది. ఊడిపడే మోటారు సైకిళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, వంగిన పెద్ద తెర ఎందుకు వద్దన్నారో నాకు అప్పుడు తెలిసింది. నాకోసం కాదు. అంత వెడల్పు తెరలో సగం ఆయనకు అందలేదు. అందలేదని ఆయనకూ తెలీదు.

నెల్లూరులో కళ్ళ డాక్టరమ్మ నీటికాసులు అంది. కంట్లో ఒత్తిడి పెరిగి పక్కచూపును మెల్లగా తినేస్తుందట, మనిషికి తెలీకుండానే. పోయింది తిరిగి రాదు, రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది అంది. ఉన్నదాని కోసం నేను అక్కడే కళ్ళు మూసుకుని స్వామికి మొక్కాను. ఆయన మాత్రం ఒకే మాట అడిగారు, బండి తోలొచ్చా అని. ఆమె వద్దంది.

ఆ సాయంత్రం ఆడబిడ్డ ఇంటికి ఆయనే నడిచి పోయారు. నేను వెనకే ఉన్నాను. “అక్కా, వ్యాను నేను తోలను. మీరంతా నన్ను నమ్ముకొని పాటలు పాడుకుంటా కూచుంటారు. నాకు ఎడం పక్క కనపడదు” అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు అంత చిన్నగా నేను వినలేదు. ఆడబిడ్డ చేతిలోని భజన తాళాలు పక్కన పెట్టింది. “కనపడకపోతే కనపడకపోయెలేరా. ముందు సీట్లో కూచోని ఆ వచ్చే డ్రైవరుకు గుంటలు చెప్పు. ఆ పని నీకంటే బాగా ఎవురు చేస్తారు?” అంది. పెంచలకోన పోయివచ్చాం. వ్యానుకు కొబ్బరికాయ కొట్టింది ఆయనే. దారంతా గుంటలు చెప్పింది కూడా ఆయనే.

ఇప్పుడు మా మానిటర్ పొద్దున స్వామిది, మధ్యాహ్నం లారీది. ఆయన తోలేటప్పుడు నేను ఎడమపక్క పీట వేసుకుని వత్తులు చేసుకుంటూ, మోటారు సైకిలు వస్తే చెబుతుంటాను. ఒక్కోసారి దూదిలో పడి మరిచిపోతాను, లారీ తగులుతుంది, నిన్ను కండక్టరుగా పెట్టుకుంటే ఇంతే అంటారు. బొట్టు రాలితే మళ్ళీ అదే మూల పెడతాను, కుడివైపుకు మార్చను. ఆట మొదలుపెట్టే ముందు ఆయన తల మెల్లగా తిప్పి, దాన్ని చూసుకుని, మళ్ళీ నేరుగా పెడతారు. ఏళ్ళన్నీ బస్సు వేగంతో పోయాయి మాకు. ఇప్పుడు మాత్రం కాలం ఆయన తల తిరిగినంత నెమ్మదిగా నడుస్తోంది, ఆ నడకలో నేను కూడా పక్కనే ఉన్నాను.