ఈల కోసం కుట్టిన కాజా

మా తమ్ముడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వాడి గొంతు ఎప్పుడూ బొంగురే. పుట్టుకతో వచ్చింది కాదు, మైదానం ఆ చివరున్న పిల్లకి ఈ చివర నుంచి అరిచి అరిచి అలా తయారైంది. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధిలో వాళ్ళు తిరిగి చూస్తారు. "మెల్లిగా ఏడు, నాకేం చెవుడు లేదు" అని రోజూ తిట్టేదాన్ని. వాడు పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పోయాక నేను వాడి దగ్గరికే వచ్చి, ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్నాను. ఒకరి మీద ఒకరం విసుక్కోవడమే మాకు కాలక్షేపం.

వాడికి ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది మెడలో వేలాడే ఇత్తడి ఈల. స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా తీయడేమోనని నా అనుమానం. వాడిదో పద్ధతి ఉంది. కాలు బెణికో, చెయ్యి నొప్పెట్టో ఆడలేని పిల్లని గట్టు మీద కూర్చోబెట్టడు. ఈల తీసి ఆ పిల్ల మెడలో వేసి "ఇవాళ రిఫరీవి నువ్వే" అంటాడు. "ఆడలేకపోతున్నానని ఏడ్చే పిల్ల చేతిలో ఆటంతా పెడితే ఏడుపు మర్చిపోతుందక్కా" అనేవాడు. నిజమే, మర్చిపోయేవాళ్ళు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇదే వరస. ఈల మాత్రం ఒక్కటే. ప్యాంటుకి తుడిచి ఇచ్చేవాడు, ప్యాంటుకి తుడిచి పుచ్చుకునేవాడు.

ఆ మాయదారి జబ్బు వచ్చి స్కూళ్ళన్నీ మూతపడి, మళ్ళీ భయం భయంగా తెరిచాక మొదలైంది తగువు, పిల్లల వాలీబాల్ పోటీలు జరపాలా వద్దా అని. పెద్దమేడం మైదానంలోనే కుర్చీలు దూరం దూరంగా వేయించి తల్లిదండ్రుల్ని పిలిచింది. మాస్కులు కుట్టే పని నాదే కాబట్టి నేనూ వెళ్ళాను. కొందరు పెట్టమన్నారు, కొందరు ప్రాణాల కంటే ఎక్కువా అన్నారు. ఒకాయనైతే "బంతి కొట్టకపోతే ఎవరైనా చస్తారా?" అని లేచాడు.

మా వాడూ లేచాడు. "చావరండీ. గదిలో గోడవైపు తిరిగి పడుకుంటారు. నా జట్టులో ఒక పిల్ల నోరు విప్పి మాట్లాడి ఎన్నాళ్ళయిందో అని వాళ్ళమ్మ ఫోన్‌లో ఏడ్చింది. పైగా ఆఖరి ఏడాది పిల్లలకి వచ్చే ఏడాది అన్నది లేదు కదా. వాళ్ళకేం చెప్పను?"

నాకు వాడి మాట సబబుగానే అనిపించింది. ఇప్పటికీ అది తప్పు మాట అనను.

చివరి వరసలోంచి బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఆయన కూతుర్ని జట్టులో అందరూ నిచ్చెన అంటారు. అంత పొడుగు. నెట్ దగ్గర అది చేతులెత్తితే బంతి అవతలికి పోవడం కల్ల. ఈ పోటీల్లో మెరిస్తే కాలేజీలో ఆటల సీటు వస్తుందని ఆశ. డ్రైవరుకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, మాట్లాడుతుంటేనే మధ్యమధ్య ఆగుతాడు. "మాస్టారూ, నా ఊపిరితిత్తులు అంతంతమాత్రం. జబ్బు ఇంట్లోకి వస్తే ముందు పోయేది నేనే. అయినా దాని మొహం చూస్తే వద్దనబుద్ధి కావడం లేదు. మీరు పూచీ అంటే పంపుతాను" అన్నాడు.

మా వాడు ఒక్క క్షణం ఆలోచించలేదు. "పూచీ నాది" అన్నాడు.

ఊరికే అనలేదు పాపం. బంతిని సబ్బు నీళ్ళతో కడిగేవాడు. చేతులు కలపనిచ్చేవాడు కాదు. ఎవరి నీళ్ళ సీసా వాళ్ళది. గేటు దగ్గర నిలబడి నుదుటికి గురిపెట్టే థర్మామీటరుతో ఒక్కో పిల్లకీ జ్వరం చూసి లోపలికి వదిలేవాడు, పెద్దమేడాన్నీ వదల్లేదు. నేను జట్టు రంగు గుడ్డతో అందరికీ మాస్కులు కుట్టాను. కుట్టిన మర్నాడే వాడొచ్చి "అక్కా, మాస్కుంటే ఈల ఎలా ఊదను?" అని తల గోక్కున్నాడు.

"ముక్కుతో ఊదు" అన్నాను.

"వేళాకోళం కాదే. మధ్యలో చిన్న చీలిక పెట్టి కాజా కుట్టవూ, ఈల పట్టేట్టు. రిఫరీ పిల్లకి కూడా ఒకటి."

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. కుట్టాను కూడా. నా కాజాకి పేరు, చొక్కాల వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. నోటికి అడ్డంగా గుడ్డ కట్టుకుని, ఆ గుడ్డకే కన్నం పెట్టుకుంటున్నామన్న ఇంగితం ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది. మా బుద్ధి గడ్డి తినడానికి వెళ్ళింది.

పోటీలు దగ్గర పడుతుండగా నిచ్చెనకి చీలమండ బెణికింది. ఏడుపు ముంచుకొస్తుంటే మా వాడు ఎప్పటిలాగే ఈల తీసి దాని మెడలో వేశాడు. ఆ వారమంతా అదే రిఫరీ. సాయంత్రాలు అది ఇంటికెళ్ళేటప్పుడు ఈల మా వాడి మెడలోకి వచ్చేది, మర్నాడు పిల్లల్ని పోగెయ్యడానికి వాడు ఊదాక మళ్ళీ దాని మెడలోకి వెళ్ళేది.

ముందు ఆ పిల్లకి జ్వరం వచ్చింది. ఆ వెనకే వాళ్ళ నాన్నకి. జట్టంతటికీ పరీక్షలు చేయించారు. మిగతా పిల్లలు ఒక్కరికీ లేదు, మా వాడికి ఉంది. వాడికి పెద్దగా ఏం కాలేదు, వెనక గదిలో పడుకుని లేచాడు. డ్రైవరు మాత్రం ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు.

పోటీలు ఆగిపోయాయి. పెద్దమేడం ఫోన్ చేసింది. వాడి ఫోన్ కూడా వాడిలాగే అరుస్తుంది, పక్క గదిలో నాకూ వినబడింది. "బస్సులో రోజూ ఎంతమంది ఎక్కుతారు, దిగుతారు. ఎక్కడ అంటుకుందో ఎవరు చెప్పగలరు? మనం నెత్తినేసుకోవద్దు మాస్టారూ."

"సరే మేడం" అన్నాడు వాడు. అంత మెల్లిగా వాడు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత వాడు అన్నం ముందు కూర్చుని లేచిపోతుండేవాడు. జబ్బు పడి లేచిన నీరసం అనుకున్నాను. ఒకరోజు డ్రైవరు వాళ్ళ వీధిలో కూరలమ్మే ఆవిడ లంగా కుట్టించుకోవడానికి వచ్చి ఆ కబురు చెప్పింది. "ఆట ఆట అని ఊరేగి తండ్రి ప్రాణం మీదికి తెచ్చిందని తల్లి ఆ పిల్లతో పలకడం లేదమ్మా. పిల్ల కూడా గదిలోంచి రాదు, తల్లి లేనప్పుడు ఇంత మింగి వెళ్ళిపోతుందట."

ఆవిడ వెళ్ళగానే తమ్ముడికి చెప్పాను. వాడు వచ్చి నా మిషను పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఆ పిల్ల తేలేదక్కా. నేనిచ్చాను. ఆ వారం మొదట్లోనే నాకు గొంతు నొప్పి."

"నీకు గొంతు నొప్పి కానిదెప్పుడురా?"

"పరీక్ష చేసిన డాక్టరుకీ అదే చెప్పాను, ఎప్పుడూ ఉండేదే అని. కానీ ఇది వేరే. మింగుతుంటే ముళ్ళు దిగినట్టుండేది. అరుపుల నొప్పి కాదని నాకు తెలుస్తూనే ఉంది. చెబితే పోటీలు ఆపేస్తారు కదా, పిల్లలు ఏమైపోతారు అని వేడినీళ్ళు తాగి ఊరుకున్నాను. గేటు దగ్గర అందరికీ చూశాను గానీ, ఆ మిషను నా నుదుటికి పెట్టుకోలేదు. ఎంత చూపిస్తుందోనని భయం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఓరి నీ మొహం మండా! ఆ ముళ్ళతోనే ఈల ఊది, ప్యాంటుకి తుడిచి, ఆ పిల్ల నోటికిచ్చావా? అది అక్కడ కుళ్ళి కుళ్ళి చస్తుంటే ఇన్నాళ్ళూ ఇక్కడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా? లే! చెప్పులేసుకో!" ఆ కోపం సగం నా మీదేనని నాకు తెలుసు. ఆ రెండు మాస్కులూ కుట్టిన చెయ్యి నాదేగా.

మధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్ళాం. మెట్లెక్కి వెళ్తే రెండు గదుల వాటా. తలుపు వెనక కొక్కేనికి డ్రైవరు ఖాకీ చొక్కా ఇంకా అలాగే ఉంది, జేబులో పెన్నుతో సహా. తల్లి మమ్మల్ని చూసి "రండి" అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిచ్చెన గదిలోంచి వచ్చి గోడ పక్కన నిలబడింది. అంత పొడుగు పిల్ల భుజాలు ముడుచుకుని నా అంతే కనబడింది.

మా వాడు కూర్చోలేదు. "అమ్మా, నీకు నా నుంచి అంటుకుంది. ఈల వల్ల. నాకు గొంతు నొప్పి ఉండగానే నీకిచ్చాను. మీ నాన్నకి పూచీ అని చెప్పి నేనే ఆ పని చేశాను. నీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు" అన్నాడు. ఆ బొంగురు గొంతు వంటింటి దాకా వినబడేట్టే చెప్పాడు. అక్కడ గిన్నెల చప్పుడు ఆగింది.

ఆ పిల్ల చాలాసేపు వాడి మెడ వైపే చూసింది. అక్కడ ఈల లేదు.

"అంబులెన్స్ ఎక్కించేటప్పుడు నాన్న నన్ను పిలిచారు సార్" అంది. "రెండుసార్లు పిలిచారు. నేను గది తలుపు తియ్యలేదు. నావల్లే కదా, ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను అనుకున్నాను. మీకు అప్పటికి తెలుసా సార్?"

తెలియదు అంటే సరిపోయేది. అనేస్తాడేమోనని, నిజం చెబుతున్నాను, ఆ ఒక్క క్షణం నేను ఆశపడ్డాను కూడా.

"తెలుసమ్మా" అన్నాడు వాడు.

తల్లి వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చింది. మా వంక చూడనైనా చూడలేదు. కూతురి తలని కిందికి వంచుకుని భుజానికేసి అదుముకుంది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను జన్మలో మర్చిపోలేను. మేము బయటికొచ్చాం. తలుపు దగ్గరికి వేసింది నేనే.

సగం దారిలో వాడు అడిగాడు, "ముందే చెప్పి ఉంటే, ఆ పిల్ల తలుపు తీసేది కదక్కా?"

వాడు నా ఒక్కగానొక్క తమ్ముడు. ఏదో ఒకటి చెప్పి సర్దెయ్యాలని నోటిదాకా వచ్చింది.

"తీసేదిరా" అన్నాను.